సరుగుడు చెట్ల అవతల

కొత్త రోడ్డు హద్దు చూపే, గులాబీరంగు రిబ్బన్లు కట్టిన మేకులు ఎడారి సరుగుడు చెట్ల దగ్గర ఆగిపోవాలి. ఆగలేదు. చెట్లు దాటి, ముళ్ళగడ్డి దుబ్బుల మధ్య నుంచి, మురింజ గుట్ట వైపు వరసగా సాగిపోయాయి.

లెస్టర్ రోడ్డు చదును చేసే గ్రేడర్ యంత్రాన్ని ఆపాడు. బ్లేడు ముందు దొర్లుతూ వచ్చిన ఎర్రమట్టి ఒక పక్కకి జారి నిలిచింది. ఇంజను గుడగుడలాడుతూనే ఉంది. అతను గుట్ట వైపు చూడలేదు. ఈ రోడ్డు పని మొదలైనప్పటి నుంచీ బ్లేడు అంచునీ, ముందు చక్రాల మధ్య నేలనీ మాత్రమే చూసుకుంటూ నడుపుతున్నాడు. అయినా గుట్ట ఎటుందో, ఎంత దగ్గరైందో అతనికి తెలుస్తూనే ఉంది, వెనకాల పొయ్యి మండుతుంటే వీపుకి తెలిసినట్టు.

గ్రేమ్ తెల్ల వ్యాను పక్కకి వచ్చి ఆగింది. టౌను నుంచి వచ్చిన కాంట్రాక్టరు అతను. ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయి ఉంది.

"ఏమైంది? డీజిల్ అయిపోయిందా?"

"మేకులు ఎక్కువ కొట్టారు," అన్నాడు లెస్టర్.

"ఎక్కువేం లేవు. నేనే కొట్టించా. చెట్ల దగ్గర టూరిస్టుల బస్సు ఆపితే ఆ రాళ్ళు అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు అగ్గిపెట్టెలు చూసి పోతారా? గుట్ట కింద నీడ దాకా తీసుకెళ్దాం."

"చెట్లు దాటితే ఆడవాళ్ళ చోటు, మగవాళ్ళు పోకూడదు. చెట్ల దాకానే ఒప్పుకున్నారు."

"మీవాళ్ళని అడిగానయ్యా! ఆఫీసులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ అడిగా. సరే అన్నారు."

"ఎవరన్నారు?"

గ్రేమ్ పేర్లు చెప్పాడు. అందరూ మగవాళ్ళే. సరే అంటే ఈ మనిషి త్వరగా లేచి వెళ్ళిపోతాడని అని ఉంటారు. మురింజ గురించి అవుననడానికి గానీ కాదనడానికి గానీ వాళ్ళకి నోరు లేదు. ఆ మాట లెస్టర్ గొంతు దాకా వచ్చింది. తన నోటికి కూడా ఆ హక్కు లేదు కదా అనిపించి అక్కడే ఆగిపోయింది.

"చూడు తమ్ముడూ," అన్నాడు గ్రేమ్, గొంతు తగ్గించి. "శుక్రవారం బస్సు వస్తోంది. నువ్వు చెయ్యనంటే టౌను నుంచి ఇంకొకడిని పిలిపిస్తా. వాడికి మీ ఆడవాళ్ళూ తెలీదు, మగవాళ్ళూ తెలీదు. బండ అడ్డమొస్తే నెట్టుకుంటూ పోతాడు. నువ్వయితే కాస్త చూసి చేస్తావు."

లెస్టర్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.  తను చేస్తేనే నయమేమో. చెట్టునీ రాయినీ తప్పించుకుంటూ, పైపైన గీసినట్టు ఒక్కసారి పోయి వచ్చేస్తే! అలా అనుకున్న మరుక్షణం, అది తన భయం చెబుతున్న సాకని కూడా అతనికి తెలిసింది. ఏ భయం ఎక్కువో తేలకుండానే చెయ్యి లీవరు మీదికి పోయింది. బ్లేడు దిగింది.

సరుగుడు చెట్లు వెనక్కి పోయాయి. వాటి ఈలపాట ఇంజను చప్పుడులో కలిసిపోయింది. తల వంచుకుని నడుపుతున్నాడు. మట్టి రంగు మారింది. ఇటిక ఎరుపు పోయి కాల్చిన కాలేయంలా ముదిరింది. నేల లోపల దేనికో బ్లేడు తగిలింది. అంత పెద్ద యంత్రమూ ఒక్కసారి ముందరి కాళ్ళు ఎత్తినట్టు లేచి పడింది. దుమ్ము కిటికీలోంచి గుప్పున లోపలికి కొట్టింది. ఎడమ కంట్లో సూది దిగినట్టయింది.

ఇంజను ఆపకుండానే బ్లేడు ఎత్తేసి, వెనక్కి తిప్పేశాడు. చెట్ల ఇవతలికి వచ్చేదాకా ఊపిరి తీసుకోలేదు.

"రేపు మిగతాది," అని అరిచాడు గ్రేమ్ సంతోషంగా.

*

ఇంటికి నేరుగా వెళ్ళే దారిలో అతని అత్త విన్నీ ముసలమ్మ పందిరి ఉంది. లెస్టర్ పక్కింటి కంచె చుట్టూ తిరిగి, నీళ్ళ ట్యాంకు వెనక నుంచి పెరట్లోకి వచ్చాడు. అది రోజూ చేసేదే. వాళ్ళ ఆచారంలో అల్లుడు అత్త ముఖం చూడకూడదు, పేరు పలకకూడదు, మాట కలపకూడదు. ఆమె కూడా అంతే. పెళ్ళయి పిల్లలు పెద్దవాళ్ళయినా ఆమె ముఖం దగ్గరగా ఎలా ఉంటుందో అతనికి తెలీదు. ఉన్ని టోపీ తెలుసు, నడక తెలుసు, గొంతు తెలుసు. ఇద్దరి మధ్యా ఏ మాటయినా అతని భార్య కోరల్ నోటి మీదుగానే అటూ ఇటూ వెళ్ళాలి. మరీ అవసరమైతే ముసలమ్మ కుక్కలతో మాట్లాడుతుంది, వినాల్సినవాళ్ళు వింటారు.

కోరల్ నిప్పుల్లోంచి కంగారూ తోక తీసి, మాడిన తోలు గీకి, ముక్క కోసి రేకు పళ్ళెంలో పెట్టింది. భర్త వైపు చూసి ఆగింది.

"నీ కంటికేమైంది?"

"దుమ్ము."

"అద్దాలు పెట్టుకోలేదా?"

"పెట్టుకున్నా."

"పెట్టుకుంటే దుమ్మెలా పోయింది? నడిచి పోయిందా?"

అతను ముక్క నోట్లో పెట్టుకున్నాడు.  రేకుల గోడ అవతల పందిరి కింద ముసలమ్మ గొంతు లేచింది.

"ఒసేయ్ నల్లదానా, ఇటు రా. చూశావా ఇవాళ్టి దుమ్ము? చెట్ల ఇవతల లేచే దుమ్ము ఒక రంగు, అవతల లేచేది ఇంకో రంగు. నా కళ్ళు మసకే గానీ, మరీ అంత మసకేం కాదే."

కుక్క ఆవులించిన చప్పుడు కూడా వినబడింది. లెస్టర్ పళ్ళెం కింద పెట్టేశాడు.

"అమ్మ మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు," అంది కోరల్ నిప్పులు కెలుకుతూ.

"నాకెందుకు చెప్తున్నావు?"

"నీకు కాక ఎవరికి చెప్పను? ఆమె నీకు చెప్పకూడదు కదా, నేనే చెప్పాలి."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాడు. చిన్నప్పుడు మురింజ గురించి పెద్దవాళ్ళు ఒకే మాట చెప్పేవారు: పశువుల వెంట ఒకడు అటు పోయాడు, తర్వాత... అని ఆపేసేవారు. తర్వాత ఏమైంది అని ఎంత అడిగినా ఎవరూ చెప్పేవారు కాదు. కాళ్ళు వాచాయా, కళ్ళు పోయాయా, మతి పోయిందా? తెలియకపోవడంతో ఇప్పుడు అన్నీ తనకే వచ్చేట్టున్నాయి. కన్ను సగం మూసుకుపోయింది. లోపల ఏదో కదులుతూ ఉంది. పిల్లల వైపు చూడ్డానికి కూడా భయమేసింది, ఆ కంటితో చూస్తే వాళ్ళకేమవుతుందోనని.

*

పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళాడు. నర్సు అతని రెప్ప మడిచి, లైటు వేసి, దూది పుల్లతో మెల్లగా తుడిచింది.

"ఇదిగో, ఇంతే. ఈ కాస్త ఇసక రవ్వకి ఇంత వాచిందా!"

దూది మీద ఆవగింజలో సగం కూడా లేదు. ముదురు ఎరుపు. లెస్టర్ దాన్ని చూసి కుర్చీలో వెనక్కి జరిగాడు.

"చుక్కల మందు ఇస్తా. రెండు రోజుల్లో తగ్గిపోతుంది," అంటూ ఆమె చెత్తబుట్ట వైపు తిరిగింది.

"పారెయ్యొద్దు."

"దీన్నా?"

"నాకివ్వండి."

నర్సు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. ఇక్కడ చాలా ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి. ఏమీ అడగకుండా దూది పుల్లని కాగితంలో చుట్టి ఇచ్చింది. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ వేసుకున్నాడు. నడుస్తున్నంతసేపూ చెయ్యి జేబు మీదే ఉంది, నిప్పురవ్వని మోస్తున్నట్టు.

ఇంటికి వెళ్తే కోరల్ లేదు. కారూ లేదు. పందిరి కింద కుక్క ఒక్కటే పడుకుని ఉంది.

గ్రేడర్ దగ్గర గ్రేమ్ అప్పటికే అసహనంగా నిలబడి ఉన్నాడు. "కన్ను బాగైందా? సరే, ఎక్కు. ఇవాళ అయిపోవాలి."

లెస్టర్ టైర్లు చూశాడు. నూనె చూశాడు. బ్లేడు అంచు బోల్టులు ఒక్కొక్కటే బిగించాడు, అవి బిగుతుగానే ఉన్నా. ఇంక చూడ్డానికి ఏమీ మిగలలేదు. ఎక్కాడు.

చెట్ల దగ్గరికి వచ్చేసరికి మొదట కళ్ళ మందువల్లేమో అనుకున్నాడు. నిన్న తను గీసిన దారి కనబడలేదు. మేకులు ఉన్నాయి. మేకుల మధ్య చక్రాల గుర్తులు లేవు, బ్లేడు గీత లేదు. నేలంతా ఎవరో దువ్వెనతో దువ్వినట్టు సన్నని గీతలు. పక్కకి తోసిన మట్టి కూడా చాలా మేర వెనక్కి లాగి పరిచి ఉంది.  నిన్నటి రోజునే ఆ చోటు మింగేసిందా?

అప్పుడు చూశాడు. దువ్విన నేల మొదట్లో, సరిగ్గా దారికి నడిమధ్య, ఎవరో కూర్చుని ఉన్నారు. అటు తిరిగి, గుట్ట వైపు ముఖం పెట్టి. పచ్చ ఉన్ని టోపీ. పక్కన టీ పోసుకున్న రేకు డబ్బా.

లెస్టర్ ఇంజను ఆపేసి, ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు.

"ఎవరది?" అన్నాడు గ్రేమ్ వ్యానులోంచి దిగుతూ. "లేవమని చెప్పు."

"నేను చెప్పలేను. మా అత్త."

"అత్తయితే ఏంటి? నాకూ ఉంది అత్త."

"నీకున్నట్టు కాదు. నేను మాట్లాడకూడదు. దగ్గరికి పోకూడదు."

గ్రేమ్ అతన్నీ ఆ టోపీనీ మార్చి మార్చి చూసి, తనే నడిచి వెళ్ళాడు. ముసలమ్మ చుట్టూ తిరిగి, ముందు నిలబడి, చేతులు ఊపుతూ ఏదో చెప్పాడు. ఆమె టీ డబ్బా అతని ముందుకి జరిపింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె డబ్బా తన దగ్గరికి లాక్కుని, ఒక గుక్క తాగి, మళ్ళీ గుట్ట వైపు చూస్తూ కూర్చుంది.

అతను తిరిగి వచ్చేసరికి ముఖం కందిపోయి ఉంది. "బండి శబ్దం దగ్గరికొస్తే అదే లేస్తుంది. నువ్వు దిగు, నేను నడుపుతా."

"వద్దు."

"దిగమంటున్నా. గుద్దేస్తానా ఏంటి? కాస్త బెదిరిస్తా, అంతే."

లెస్టర్ దిగాడు. దిగి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు, అత్త కనబడకుండా. గ్రేడర్ మొదలయింది. చాలాకాలం నడపని మనిషి చేతిలో ఆ యంత్రం ఎలా కుదుపుతుందో చప్పుడులోనే తెలుస్తోంది. గేరు సరిగా పడలేదు. ఇంజను గర్జించి, ఆగి, మళ్ళీ గర్జించింది. బ్లేడు పూర్తిగా ఎత్తలేదు, నేలకి రాసుకుంటూ పోతోంది. బ్రేకు కొంచెం ఆలస్యంగా పడుతుందన్న మాట గ్రేమ్‌కి తను ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత తను ఏమనుకున్నాడో లెస్టర్‌కి గుర్తు లేదు. పరుగెత్తాడు. కళ్ళు నేలకేసి పెట్టుకుని, యంత్రానికి పక్కగా, దాన్ని దాటి, సరుగుడు చెట్లు దాటి, మేకుల వరస వెంట ఆ దువ్విన నేల మీదికి పరుగెత్తాడు. మట్టి మీద ముసలమ్మ నీడ అంచు కనబడగానే గిర్రున వెనక్కి తిరిగి, గ్రేడర్‌కి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

బ్లేడు మట్టిని తోసుకుంటూ వచ్చి అతని బూట్ల ముందు ఆగింది. గాజు వెనక గ్రేమ్ నోరు తెరుచుకుని ఉంది. ఇంజను ఒకసారి వణికి ఆగిపోయింది.

ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. సరుగుడు చెట్ల ఈల మళ్ళీ వినబడింది. లెస్టర్ వీపు వెనక, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, అత్త కూర్చుని ఉంది. ఆమె అటు, అతను ఇటు. ఆమె ఊపిరి వినబడుతోంది. ఆ చివర చిన్న పిల్లికూత ఉందని అతనికి ఇన్నేళ్ళలో ఇప్పుడే తెలిసింది. ఆమెకి అవతల మురింజ.  నిన్న యంత్రం మీద దాటాడు, ఇవాళ తన కాళ్ళతో దాటాడు. ఇంక చేయగలిగిన తప్పేదీ మిగల్లేదు.

"ఎవరైనా ఆ పిల్లాడికి చెప్పండే," అంది ముసలమ్మ ఎదుటి గాలితో.  "కాళ్ళ దగ్గర ముళ్ళగడ్డి ఉంది, గుచ్చుకుంటుంది. అటే చూస్తూ నడవమనండి. ఇటు తిరగొద్దు."

అతను అటే చూస్తూ నడిచాడు.

*

కోరల్ పొదల్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వెనక ఇంకా కొందరు ఆడవాళ్ళు. అందరి చంకల్లోనూ పచ్చి కొమ్మల మోపులు. కోరల్ ముందు గ్రేమ్ దగ్గరికి పోయింది. అతను గ్రేడర్ మెట్టు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించడానికి ప్రయత్నిస్తున్నాడు. అగ్గిపుల్ల అంటుకోవడం లేదు.

"మా అమ్మని చంపేవాడివి! మా ఆయన్ని కూడా!"

"ఆగుతుందనుకున్నా," అన్నాడు అతను. "బ్రేకు... ఆగుతుందనుకున్నా." మళ్ళీ అదే అన్నాడు. కోరల్ తిట్టాలనుకున్నవన్నీ అతని చేతులు చూసి మానేసింది.

లెస్టర్ చెట్టు మొదట్లో కూలబడి ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

"నిన్న నేను దాటాను," అన్నాడు అతను. "బ్లేడుకి ఏదో తగిలింది. మీ అమ్మకి చెప్పు. ఏం శిక్ష వేసినా పడతానని చెప్పు. పిల్లల జోలికి మాత్రం రావద్దని..."

"ఎవరు రావద్దని? ఏం మాట్లాడుతున్నావు?"

"నేలంతా దువ్వినట్టుంది. నా గుర్తులు..."

"అది మేం చేశాం! తెల్లారకముందే లేపింది మమ్మల్ని. కొమ్మలు తెచ్చి ఊడిపించింది. నువ్వు తోసిన మట్టి చేతులతో వెనక్కి లాగించింది. చూడు నా గోళ్ళు." గోళ్ళ నిండా ముదురు ఎర్రమట్టి. "వాడి గుర్తులు ఇక్కడుంటే ఈ చోటు వాడి వెంట ఇంటిదాకా వస్తుంది, ఒక్కటి కూడా మిగలకూడదు అంది. నడుం పట్టేసినా వంగి ఊడుస్తూనే ఉంది."

లెస్టర్‌కి వెంటనే అర్థం కాలేదు. "అయితే ఆ కూర్చోవడం... గుట్టకి కాపలాగా కాదా?"

"గుట్టకి కాపలా ఎందుకు? దానికేం భయం?" అంది కోరల్. "ఇవాళ మళ్ళీ నిన్ను పంపిస్తాడని తెలుసు. నువ్వు కాదనలేవనీ తెలుసు. ఆమె అడ్డం కూర్చుంటే నువ్వు రాలేవు కదా, వచ్చే వీలే లేదు కదా. అందుకని కూర్చుంది. నీ కోసం."

అతను చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. వాచిన కంట్లోంచీ మంచి కంట్లోంచీ ఒకేలా నీళ్ళు కారుతున్నాయి. కొంతసేపటికి జేబు గుండీ తీసి, కాగితం పొట్లం కోరల్ చేతిలో పెట్టాడు. "ఇది అక్కడిది. కంట్లోంచి తీశారు."

కోరల్ పొట్లం పట్టుకెళ్ళింది. కాసేపు గుసగుసలు వినిపించాయి. తర్వాత ముసలమ్మ గొంతు గట్టిగా వచ్చింది.

"అయ్యో! ఇంత పెద్ద మనిషి, ఇంత పిసరు మోసుకుంటూ పొద్దున్నుంచీ తిరుగుతున్నాడా? ఎవరైనా అన్నం పెట్టారా వాడికి?"

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే గుంట తీసి నిప్పు రాజేసి, పచ్చి ఆకు పైన వేశారు. తెల్లటి పొగ దట్టంగా లేచింది. ఆ చోటు నుంచి అంటుకున్నది పోవాలని కోరల్ అతన్ని పొగలో కూర్చోబెట్టి, కొమ్మతో వీపు మీద, కాళ్ళ మీద, బూట్ల మీద తట్టింది. ముసలమ్మ చెట్టు చాటు నుంచి గాలికి చెబుతూనే ఉంది: తలకి పట్టమనండి, అరికాళ్ళు చూపించమనండి, కన్ను గట్టిగా మూసుకోమనండి. ఒక పాట కూడా పాడారు. అందులోని మాటలు ఇక్కడ చెప్పేవి కావు. లెస్టర్ దగ్గుతూ, కళ్ళు మూసుకుని, ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు. 

పొగ పలచబడ్డాక లేచి గ్రేడర్ దగ్గరికి నడిచాడు. గ్రేమ్ మెట్టు మీంచి తప్పుకున్నాడు. లెస్టర్ ఎక్కి, యంత్రాన్ని వెనక్కి తీసి, సరుగుడు చెట్లకి ఇవతల పెద్ద గుండ్రం గీశాడు, బస్సు తిరగడానికి సరిపోయేంత. తర్వాత చెట్ల వరసకి అడ్డంగా మట్టి తోసి, మోకాలెత్తు కట్ట వేశాడు. దాని మీద బ్లేడు వెనక వైపుతో మూడు నాలుగు సార్లు అదిమాడు. ఎవరినీ అడగలేదు.

గ్రేమ్ చూస్తూ నిలబడ్డాడు. చివరికి వెళ్ళి, కట్టకి అవతల మిగిలిన మేకులు ఎలా పీకాలా అని చూశాడు. అటు కాలు పెట్టబోయి ఆగి, కోరల్‌ని పిలిచాడు.

*

శుక్రవారం బస్సు వచ్చింది. గుండ్రం తిరిగి, కట్ట దగ్గర ఆగింది. ముప్పై మంది దాకా దిగారు, టోపీలు, నీళ్ళ సీసాలు, ముఖాలకి ఈగలు రాకుండా వలలు. ముసలమ్మ వాళ్ళని ఒకసారి పరికించి కోరల్‌తో ఏదో అంది. కోరల్ అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఆడవాళ్ళు రావచ్చు, మా అమ్మ వెంట. ఫోన్లు బస్సులో పెట్టండి. మగవాళ్ళు ఇక్కడే ఉండండి. టీ ఉంది."

గొణుగుడు వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. ఆడవాళ్ళు కట్ట దాటి వరసగా వెళ్ళారు. ముందు ముసలమ్మ, గుట్టని గట్టిగా కేకేసి పిలుస్తూ, వెనక వచ్చేవాళ్ళెవరో దానికి చెబుతూ.

లెస్టర్ గ్రేడర్ నీడలో, గుట్టకి వీపు పెట్టి కూర్చున్నాడు. గ్రేమ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు.  ఆడవాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యేకొద్దీ లెస్టర్ చేతిలోని టీ డబ్బాని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ వెనకాల ఏముంటుంది?" అన్నాడు గ్రేమ్ మెల్లగా.

"నాకు తెలీదు."

"ఇక్కడే పుట్టావు కదా."

"ఇక్కడే పుట్టాను."

 దూరంగా, రాళ్ళ మధ్య నుంచి, అంతమంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా నవ్విన చప్పుడు వచ్చింది. గ్రేమ్ తల సగం తిరిగింది.

"తిరక్కు," అన్నాడు లెస్టర్.

గ్రేమ్ మెడ అక్కడే ఆగింది. మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. "దేనికి నవ్వుతున్నారంటావు?"

"మా అత్త ఏదో అని ఉంటుంది."

"ఇంత దూరానికి నీకెలా తెలుసు?"

"అందరికంటే ముందు నవ్వింది ఆమే," అన్నాడు లెస్టర్. "ఆ గొంతు నాకు తెలుసు."

నవ్వు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా లోపలి నుంచి. అతను తల వంచుకుని విన్నాడు.